పక్క సల్లబడకముందే

బయట నలభై ఎనిమిది.
లోపల సున్నాకు రెండు కింద.
నడుమ రెండు తలుపులు, ఒక రబ్బరు పరదా,
కంపెనీ ఇచ్చిన నీలి కోటు.
దాని జేబుల నాకంటె ముందటోని తంబాకు డబ్బీ ఇంక ఉన్నది.
దుబాయిల మంచు ఊడుస్తున్న అంటే
మా మల్యాలల ఎవ్వలు నమ్మలే.

ఈ జాతి పెంగ్విన్ గూడు కట్టదు.
కట్టెతందుకు ఏమున్నదక్కడ, పుల్లనా, పీచా?
రెండు పాదాలు దగ్గర పెట్టి
గుడ్డును మీదికెక్కించుకుంటది,
పొట్ట కింది తోలును దుప్పటి లెక్క దించుతది.
అట్లనే నిలబడతది, దినాలకు దినాలు.
ఆకలైతే ఆకలే.

జోడు వచ్చిననాడు
పైకప్పు దిక్కు ముక్కులెత్తి రెండూ ఒర్రుతయి,
వంగి వంగి పలకరించుకుంటయి.
అప్పుడు ఆ పాదాల మీదికెల్లి ఈ పాదాల మీదికి
గుడ్డు దొర్లుతది.
మంచు మీద కొంచెంసేపు ఆగిందా, అయిపాయె.
మార్లన్ చెప్పిండు.
నేను పార ఆపిన. ఊపిరి గూడ.

అల్ ఖూజ్ క్యాంపుల నా మంచం నాదొక్కనిదే కాదు.
రాత్రి పోశెట్టిది, పగలు నాది.
పదిహేడు నెలలు.
ఒకని మొకం ఒకడు చూసుకునేది గేటు కాడనే,
వాడు బస్సు ఎక్కంగ, నేను దిగంగ.
"పో, పండుకో, ఇంక ఎచ్చగనే ఉన్నది" అంటడు.
రాత్రంత మంచుల నిలబడ్డ కాళ్లకు
ఆ కాక ఎట్లుంటదో ఎవ్వలకు చెప్పుదు.
దిండు మీద సిమెంటు పొడి, కొబ్బరినూనె.
నా దిక్కుకెల్లి చేపల నీసు.
వాడెన్నడూ ఒక్కమాట అనలే.

ఆగస్టుల ఒక పొద్దు
గేటు కాడ వాడు లేడు.
పక్క నేను మడిచిపెట్టి పోయినట్లే ఉన్నది.
చెయ్యి పెట్టి చూసిన.
ఇనుము.
పైమంచం నేపాలీ పిలగాడు కండ్లు నలుచుకుంట చెప్పిండు:
షట్టరింగ్ మీద ఎండకు పడ్డడట,
దవాఖానల మంచుగడ్డల నడుమ పండవెట్టిన్రట.

మాపటీలి క్యాంపు బాసు రిజిస్టరు పట్టుకొని వచ్చిండు,
ఖాళీ ఉన్నదా, కొత్తోణ్ణి ఏస్తా అన్నడు.
లేదు సార్, మనిషున్నడు అన్న.
డ్యూటీకి పోయేముందు
నా దుప్పటి మీద వాని దుప్పటి కప్పి
నాలుగు దిక్కులా కిందికి దోపిన.

ఆ రాత్రి గుడ్డుకు ఎంట్రుకంత బీట.
నిలబడ్డది పొట్టతోలు జరంత ఎత్తి
వంగి చూసుకున్నది,
గబుక్కున దించింది,
నన్ను చూసి ఒక అడుగు ఎనుకకు జరిగింది.

జరుగు తల్లీ, జరుగు.
నేను ఆ మూలకు ఊడ్వనే ఊడ్వ.