రయీసా బేగం పేరు మీద

పాలు పొంగిచ్చినం.
నెట్టు రాలే.

బొట్టుగూడ నుంచి దేవరకొండ రోడ్డు దాకా
ట్రాలీ ఆటోల రెండు ట్రిప్పులు.
అద్దం పర్రెవడ్డ బీరువా వచ్చింది,
కారం డబ్బలు, బొంతలు, సగం సిలిండరు వచ్చినయి.
రౌటరును మాత్రం నా ఒళ్లె పెట్టుకొని తెచ్చిన,
గుడ్ల అట్ట పట్టుకున్నట్టు.

కొత్తింట్ల ప్లగ్గు పెడితే
ఎర్రలైటు,
కండ్లకలక వచ్చిన పోరని లెక్క
నన్నే చూసుకుంట.
రాత్రి తొమ్మిదింటికి లాగిన్ కావాలె నేను,
ఎక్కడివో దవాఖాన్ల బిల్లులు
తెల్లారేదాక ఎక్కియ్యాలె.

కస్టమర్ కేరు పిల్ల మస్తు మర్యాదస్తురాలు.
“షిఫ్టింగుకు రాసుకుంటున్న మేడం,
మీ నంబరుకు ఓటీపీ పంపిన, చెప్పండి.”
నా ఫోను చూసిన. లేదు.
మా ఆయనది చూసిన. లేదు.
“రయీసా బేగం గారేనా మాట్లాడేది?”

మూడేండ్లు ఆ పేరు మీద బిల్లు కట్టిన.
నాకన్న ముందు కిరాయికున్న లింగస్వామి సారు కట్టిండు.
“కనెక్షన్ ఉన్నది గద,
మళ్ల పైసలు దండుగ” అన్నడు ఓనరు
తాళంచెయ్యి చేతుల పెట్టుకుంట.
పేరెవరిదని అడగలే.
కిరాయింట్ల మేకులు ఎవరు కొట్టిన్రని అడుగుతమా?
దొరికిన మేకుకు క్యాలెండరు తగిలిస్తం.

లైను పిల్లగాడు సైదులు
స్తంభం మీదికెల్లే అన్నడు:
“అక్కా, తీగైతే గుంజుత.
పేరు నేనెట్ల గుంజాలె?”
పాత రసీదు బుక్కుల నంబరు ఎతికిచ్చింది మాత్రం వాడే.

జడ్చర్లల ఎత్తింది ఆమె.
వెనక కుక్కరు కూస్తున్నది.
బొట్టుగూడ, నీలం గేటు, పై పోర్షను అని చెప్పుకున్న.
జెరసేపు ఏం మాట్లాడలే.
“వంటింటి కిటికీ ఇంకా పడతలేదా?”
పడదు. అట్టముక్క ఇరికిస్తుంటిమి.
“మేమూ గదే ఇరికిచ్చినం,” నవ్వింది.
“మెట్లల్ల మూడోది పైలం, ఊగుతది.”
“ఇప్పుడు ఖాళీ చేసినం గదమ్మా.”
“అవ్ గద,” అన్నది. “అందుకే గద చేసినవు ఫోను.”

మేం ముచ్చట పెట్టేలోపట
మొదటి ఓటీపీ గడువు దాటింది.
రెండోది చదివింది:
నాలుగు, సున్న, ఏడు,
దో, దో, నౌ.
సగం తెలుగుల, సగం ఉర్దూల
ఆరంకెలు నా అరచేతి మీద రాసుకున్న.

పెట్టేస్తదనుకున్న.
“వైఫై పేరు మార్చిన్రా?”

మాహిరా.
మార్చలే. సారూ మార్చలేదేమో.
కింది పోర్షన్ల నర్సింగు పిల్లలు
తలుపు కొట్టి అడుగుతుండిరి,
“అక్కా, మాహిరా వస్తలేదు.”
పాస్‌వర్డు ఎనిమిదంకెలు.
చుట్టాలొస్తే కండ్లు మూసుకొని చెప్పేదాన్ని.
అది పుట్టినరోజని
గప్పుడు తట్టింది నాకు.

“మార్చుకోండి,” అన్నది.
మళ్ల, “ఉంటే ఉండనీయండి. మీ ఇష్టం.”
నేను అడగలే.
ఆమె చెప్పలే.
కుక్కరు ఇంకోసారి కూసింది.

తెల్లారి సైదులు వచ్చిండు.
కట్టకుండ వదిలేసిన స్లాబు ఇనుప చువ్వల మీదికెల్లి
నల్లతీగ దాటిచ్చి
కిటికీల నుంచి లోపటికి తోసిండు.
ఈడికెల్లి లతీఫ్‌సాబ్ గుట్ట
ఇంకో పక్కకు తిరిగి కూసున్నట్టు కనబడతది.
ఫారం మీద నా పేరు రాసిన: చంద్రకళ.
భర్త పేరు గడి లేదు,
మంచిగనిపిచ్చింది.

పచ్చలైటు.
పక్కింట్ల తాపీమేస్త్రి కొడుకు
ఫోను గోడమీదికెత్తి అరిచిండు,
“మాహిరా ఎవరే? ఫుల్లు పుల్లలు చూపిస్తంది!”

“పేరు కొత్తది పెట్టాల్నా అక్కా?”
చేతులు దులుపుకుంట అడిగిండు సైదులు.

నేను క్యాలెండరు పట్టుకొని నిలబడ్డ.
ఈ ఇల్లు కొత్తది,
మా కన్న ముందు ఎవ్వరూ ఉండలే,
ఏ గోడకూ ఒక్క మేకు లేదు.
“తమ్మీ,” అన్న,
“నీ సంచిల సుత్తె ఉన్నదా?”