గుర్తులు

పెంటకుప్ప మీద దొరికాను కాబట్టి
నా పేరు కొప్రేస్.
మా దేశంలో ఆ పేరు చాలామందికి ఉంది,
పిలిస్తే సిగ్గుపడకుండా పలుకుతాం.

ఏరుకొచ్చింది తైసిస్.
అప్పటికి అక్కకి తొమ్మిదేళ్ళు.
అడుగున నిప్పు రాజుకుంటున్న బూడిదలోంచి
నన్ను లాగుతుంటే ఎడమ మణికట్టు కాలింది.
రేగుపండంత మచ్చ.
రొట్టె తుంచి ఇచ్చినప్పుడల్లా
చేతికన్నా ముందు ఆ మచ్చే వచ్చేది నా దగ్గరికి.

ఆ ఏడు నైలు సరిగ్గా పొంగలేదు.
రోములో చక్రవర్తి మారాడు.
మనిషి మనిషీ దేవతల ముందు ధూపం వేయాలని,
ద్రాక్షసారా ఒలకబోసి బలిమాంసం నోట పెట్టుకోవాలని,
పెట్టుకున్నట్టు పత్రం చూపాలని ఆజ్ఞ.
నేను పత్రాలు రాసే గుమాస్తాని.
ఎండకి రెల్లుకలం కొసన సిరా ఆరిపోతుంటే
రోజుకి నలభై రాసేవాణ్ణి.
అన్నిట్లోనూ ఒకే మాట:
'ఎల్లప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను,
ఇప్పుడూ మీ ఎదుట ఇచ్చాను.'

తైసిస్ రాలేదు.
ఆమె మొక్కేది ఇంకొకరికని
వీధిలో గాడిదలకి కూడా తెలుసు.
తెల్లవారుజామున ఐదారుగురు
ఉన్ని ఏకే సెన్నౌథిస్ ఇంట్లో
తలుపు ఓరగా వేసుకుని, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళు.
నేనూ వెళ్ళేవాణ్ణి, పండగలకి.
నీళ్ళలో మునిగి లేచినవాణ్ణే.
నా పత్రం మొదటిరోజే రాసుకున్నాను.

దీపం కింద ఆమెకీ ఒకటి రాశాను.
'తైసిస్, హోరియోన్ కూతురు, వయసు నలభై ఒకటి,
ఎడమ మణికట్టు మీద మచ్చ.'
అడుగున సంతకాలకి
ఓ మేకపిల్ల ఖర్చయింది.

ఆమెకి చదువు రాదు.
రొట్టెలపొయ్యి దగ్గర, పిండి చేతులతో,
'చదువు' అంది.
చదివాను. ఎల్లప్పుడూ అన్న మాట దగ్గర
కొంచెం తొందరపడ్డాను.
'మళ్ళీ చదువు.'
చదివాను.
'ఎల్లప్పుడూ అంటే,
నిన్నెత్తుకున్న రోజు కూడానా?'

నేను మాట్లాడలేదు.
'ఇందులో మచ్చ ఒక్కటే నిజంరా' అంది.
ఆమెకి కోపం లేదు. నాకే వచ్చింది.
గనుల గురించి చెప్పాను,
పక్క ఊరి నుంచి వెళ్ళి తిరిగిరాని కుమ్మరి గురించి చెప్పాను,
నాకింకెవరున్నారని చిన్నపిల్లాడిలా అరిచాను.
వింటూనే ఆ జమ్మురేకు మడిచింది,
పొయ్యిలో పెట్టింది.
ఎండిన జమ్ము కదా, ఎంత త్వరగా అంటుకుంటుందో.
మేకపిల్ల, సంతకాలు, ఎల్లప్పుడూ.
ఆ సెగ మీదే రొట్టె తిరగేసింది.

మాడిన వైపు తనుంచుకుని
మెత్తటి ముక్క నాకిచ్చింది.
అదీ చెప్పాలి కదా.
ఆకలేసింది, తిన్నాను.

మర్నాడు పిలిచారు.
బల్ల దగ్గర నేనే ఉన్నాను, కలం పట్టుకుని.
ఎవరికి మొక్కుతావంటే ఆ పేరు చెప్పింది,
సంతలో ఉప్పు ధర చెప్పినంత మామూలుగా.
మోకాలు వణికింది, ఒక్కసారి. చూశాను.
ధూపం గిన్నె వైపు చెయ్యి పట్టి లాగబోతే
భటుడి వేళ్ళ కింద మచ్చ దాక్కుంది.
తూర్పు కొండల రాతిగనులకన్నారు.
ఆ తర్వాత కబురు లేదు.

చక్రవర్తి పోయాడు. ఆజ్ఞ చల్లారింది.
సెన్నౌథిస్ ఇంటి తలుపు మళ్ళీ ఓరగా తెరుచుకుంది.
గడపకి ఇవతలే నిలబడుతున్నాను.
లోపలికి రమ్మని ఎవరూ అనలేదు,
పొమ్మనీ అనలేదు.
నడుం మడతలో నా పత్రం ఇంకా ఉంది.
ఎందుకో పారెయ్యలేదు.
కొప్రేస్, తండ్రి తెలియదు, వయసు ముప్ఫై రెండు,
గుర్తులు: ఏమీ లేవు.