ఏడో రీడు

పది రీడ్ల డబ్బ.
పదింట్ల రెండు పలికితే నీ నసీబు,
అన్నడు యాకయ్య మామ,
శివనగర్ అండర్ బ్రిడ్జి పక్క బ్యాండు దుకాన్ల
డ్రమ్ములకు గుడ్డలు కప్పుకుంట.

ఒక్కొక్కటి బల్బుకు అడ్డంబెట్టి చూసిన.
నడుమ నీడ, కొసకు పల్చబడే పసుపు,
పోగులు తిన్నగున్నయా లేవా అని
కొత్తవాడల మా నాయిన
జంపఖానా పడుగు చూసినట్టే.

మొదటి రోజు అయిదు నిమిషాలే.
నాలికతోని తడిపి, ఊది, తుడిచి
అద్దం ముక్క మీద పండబెట్టుడు.
అది కీచుమన్నది.
పైనుంచి గూడ్సు పోయినంతసేపు
ధైర్యంగ ఊదిన,
ఎవలకు ఇనపడదని.

మూడోది నోట్లె పెట్టంగనే చీలింది,
పెదవి మీద సన్నటి గాటు.
ఏడోది మొండిది. ఎంత ఊదినా గాలే,
సప్పుడు లేదు.
ఇసిరేద్దామని చెయ్యెత్తితే
మామ మణికట్టు వట్టిండు:
"ఎండకాలం పుల్లరా అది.
జర వాన పడనీ."

లగ్గాలు అయిపోయినయి.
వరుసల నిలబడే యూనిఫాం
నాకింకా కుట్టియ్యలే.
నాలుగోది, తొమ్మిదోది మాత్రం
రోజింత రోజింత
నా ఊపిరికి అలవాటైనయి.

ఇయ్యాల గూడ్సు ఎప్పుడు దాటిపోయిందో
నేను చూస్కోలే.

డబ్బల ఏడోది అట్లనే ఉన్నది.
బయట మబ్బు వట్టింది.