దింపుడు పద్దు

ఆఫీసరు బావు ఆ మాట మూడుసార్లు పలికినాడు:
డీకమిషనింగ్.
మా నోటికి ఎక్కనేదు.
గనగళ్ల పోలిరాజు లెగిసి అడిగినాడు,
"అంటే సచ్చిపోయిందనా, పడుకున్నాదనా?"
"రెండూ కాదు" అన్నాడు ఆఫీసరు.
మూల కూకున్న సూరాడ ఎర్రమ్మప్ప
అడ్డపొగ నోట్లోంచి తీసి, బూడిద దులిపి
"దింపుడు కల్లం కాడ దింపినారన్నమాట" అంది.
ఆ రోజు నుంచీ మా పద్దు పుస్తకంలో
దాని పేరు దింపుడు.

తుఫాను సెల్టర్లో మీటింగు, నెలకి రెండో సెనివారం.
ఏడుగురం, అందులో నలుగురు ఆడోళ్లం.
సంతకాలు ఐదు, ఏలిముద్రలు రెండు.
మా గుల్లలపేటని ఒకపాలి సముద్రం జరిపింది,
ఒకపాలి ఈ కర్మాగారం జరిపింది.
ఇప్పుడింక జరగం.
కుర్చీ ముందుకి లాక్కుని కూకుంటాం.

పీనుగయితే సెవిలో మూడుసార్లు పేరెట్టి పిలుస్తాం.
పలక్కపోతే ఎత్తుకుంటాం,
పొద్దు గూకేలోగా బూడిద.
దీనికి సెవెక్కడో తెల్దు.
పిలవకపోయినా పలుకుతాది.
గోడ కాడ మీటరెట్టితే
టిక్కు. టిక్కుటిక్కు.
అచ్చం బల్లి పలికినట్టే.
ఎర్రమ్మప్ప ఏలితో నేల మీద మూడు తట్లు తట్టి
"సత్తెం, సత్తెం" అంటాది.
మొదట్లో ఇంజినీర్లు నవ్వీవోరు.
ఇప్పుడు ఆళ్లూ ఆగుతారు,
ఆవిడ తట్టేదాకా అంకె సెప్పరు.

ఉడుకునీళ్ల గొట్టం కట్టేసినాక
ఆ మూతి కాడ మూగే కానాగంతలు ఎలిపోనాయి.
ముప్పై ఏళ్లు మేం తిట్టిన గొట్టమే.
పోలిరాజు ఖాళీ వల దులుపుకుంటూ
"అలవాటు పడిపోనాను గదే" అన్నాడు, సిగ్గుపడి.
అదీ రాసినాను పద్దులో.
రాయొద్దన్నాడు.
రాసినాను.

మొన్నటి మీటింగులో లారీల లెక్క.
ఆఫీసరు కాయితంలో పద్నాలుగు.
నా పద్దులో మూడు పుంజీల మీద మూడు.
సేపలు లెక్కెట్టిన సేతులివి, బావూ.
తెల్లారగట్ల గేటు కాడ, సలిలో,
లారీకో గీత. తప్పు పోదు.
ఫ్యాను తిరుగుతోంది.
టీ మీద మీగడ కట్టింది.
ఎవరూ గ్లాసు ముట్టుకోనేదు.
ఆఫీసరు ఫోను మీద ఫోను సేసినాడు,
వరండాలోకెళ్లి ఒకటి, మెట్లు దిగెళ్లి ఒకటి.
గంట తరవాత మొకం తుడుసుకుంటూ వొచ్చి
"బెంచీలమ్మా! పదిహేనోది కేంటీను బెంచీలు!" అని
ఒకటే నవ్వు.
మేమూ నవ్వినాం, కళ్లంట నీళ్లొచ్చినాయి.
నవ్వంతా అయినాక ఎర్రమ్మప్ప అడిగింది,
"మరి బెంచీలకి మీటరెట్టినారా?"

రణస్థలం దాటిపోయిన బెంచీలు
మూడో రోజుకి ఎనక్కొచ్చినాయి.
గేటు బయట ఎండలో దింపించి
ఒక్కో కాలుకీ మీటరెట్టించినాం.
ఒక బెంచీ కింద ఎవరో పాత ప్రేమ సెక్కుకున్నారు,
బాణం గుర్తుతో సహా.
మీటరు పలకనేదు.
రాసినాను:
బెంచీలు పన్నెండు. ఏటీ నేదు.
ఏటీ నేదని మా సేత్తో మేం రాసుకోడానికి
ఎన్నాళ్లు పట్టిందో
ఆ గడిలో పట్టదు.

పూర్తిగా సల్లారడానికి అరవయ్యేళ్లట.
అరవయ్యేళ్లంటే,
నాకు యాభై రెండు, పోలిరాజుకి అరవై,
ఎర్రమ్మప్పకి తుఫానుల లెక్కనే వొయసు.
ఎవరం ఉంటాం?
ఉడుకు పీనుగుని ఒంటరిగా ఒగ్గేసి
ఎల్లిపోడానికి మనసెలా వొస్తాది?

అందికే ఈ నెల తొమ్మిదో తరగతి గుంటని తీసుకొచ్చినాను,
మైలపల్లి జలజ.
మోకాలి మీద పుండు, జడకి రబ్బరు బేండు.
పుస్తకం దాని ఒళ్లో ఎట్టినాను.
మీటరు టిక్కుమంది.
గుంట ఎర్రమ్మప్ప కేసి సూసి, తనూ నేల మీద తట్టింది,
రెండే తట్లు, మూడోది మరిసిపోయి.
మళ్లీ నా కేసి తిరిగి
"పెన్సిలుతో రాయాలా, పెన్నుతోనా?" అంది.
పెన్నుతోనే, ఒలే.
తప్పు రాస్తే కొట్టెయ్యి.
కొట్టేసినట్టు కనబడాల.