ఉయరాక్ ప్రశ్న

పదహారేళ్లు
ఉయరాక్ గొంతుకి నేనే ఇంగ్లీషు.
సభ పక్కన గాజు గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు.
ఆవిడ "చలికి దాచుకున్న మాంసం" అంటే
నేను "బడ్జెట్" అనేవాణ్ణి.

ప్రతి సమావేశంలోనూ ఒకటే ప్రశ్న:
మా ఊరికి నీళ్ల ట్రక్కు ఎప్పుడు?
"పరిశీలనలో ఉంది" అనేవాడు మంత్రి.
దాన్ని ఇనుక్టిటూట్‌లో
మంచు కన్నం దగ్గర సీల్ కోసం కాపు కాయడమని చెప్పాను.
తలూపింది.
కాపు కాయడం ఆవిడకి కొత్తా?

తుఫానుకి విమానం దిగని ఏడాది
స్నోమొబైల్ మీద ఓట్లడిగింది.
తొమ్మిదింటితో ఓడింది.

మార్చిలో ట్రక్కొచ్చింది.
రిబ్బను కొత్త సభ్యుడు కత్తిరించాడు.
ఇంటి ట్యాంకు నిండుతుంటే
గడపలో నిలబడి, కామిక్కుల మీద మంచు దులుపుకుంటూ
నాకేసి చూసింది:
"గొట్టం కారుతోంది. రాసుకో."