లింకు డాక్యుమెంటు

నల్లగొండ మిషన్ దవాఖానల పదకొండు రాత్రులు.
విరిగింది నా కాలు.
పక్క మంచం పానగల్లు మౌల్వీ ఖమరుద్దీన్ సాబ్‌ది.
ఒక కంటికి పట్టీ, ఇంకో కన్ను ఎప్పుడో చల్లబడ్డది.
చెవులే పనిజేస్తున్నయి.

రాత్రి డ్యూటీ సిస్టర్ అలేయమ్మ, కొట్టాయం మనిషి.
ఇరవై ఏండ్లయినా ఆమె తెలుగుల కొబ్బరినూనె వాసన పోలే.
మూడింటికి సూదిమందిచ్చి
కిటికీకాడ నిలబడి తనలో తను ఏందో చదువుకునేది.
కదీశో... శ్లోమో... స్లోతో...

మూడో రాత్రి సాబ్ లేసి కూసున్నడు.
"బేటీ, ఇప్పుడేమన్నవ్?"
"మా పెద్దల ప్రార్థన భాష, సురియాని.
స్లోతో అంటే ప్రార్థననే."
ఆయన చాలాసేపు మాట్లాడలే.
సలాత్ అనే మాటను
రేగ్గింజ లెక్క నోట్ల అటూఇటూ తిప్పుకున్నడు.

ఇగ ఆ రాత్రి నుంచి వాళ్లిద్దరికి అదే పని.
శ్లోమోకు సలాం.
కదీశోకు ఖుద్దూస్.
కట్టుగట్టిన నా కాలు
సాక్షి సంతకం లెక్క పైన వేలాడుతుండె.

టిఫిన్ తెచ్చిన మనుమడు ముదస్సిర్ ఊకోలే.
మదర్సాల చదువుతడు, మీసం ఇంకా మొలవలే.
"దాదా, ఖురాను సాఫ్ అరబ్బీ గదా.
దాంట్ల అప్పు మాటలెట్లుంటయి?"

"పాత ఆలిములు గూడ ఇదే కొట్లాడిండ్రు బిడ్డా.
కొందరు లేవన్నరు.
కొందరు, వచ్చినయి, వచ్చినంక అరబ్బీవే అయినయన్నరు.
మీ దాదీ బీదర్ నుంచి వచ్చింది.
పానగల్లు మట్టిల పండుకున్నది.
చెప్పు, ఆమె ఏ ఊరిది?"

పిల్లగాడు డబ్బా మూత పెట్టిండు. పెట్టి, మళ్ల తీసిండు.

ముప్పై ఏండ్లుగ దేవరకొండల దస్తావేజులు రాస్తున్న.
ఏ మడి చెక్క కాయితమైనా
కిందికి, ఇంకా కిందికి పోతే
వేరే ఇంకెవరిదో వేలిముద్ర తేలుతది.
లింకు డాక్యుమెంటు అంటం మేము.
మొదటి పట్టాదారు మాత్రం ఎన్నడూ దొరకడు.
జేబులకెల్లి పెన్ను తీసి అడిగిన,
"మరి కలం మీదేనా సాబ్?"
నవ్విండు. "మాది గాదు, అలేయమ్మది గాదు.
యూనానోళ్లది. రెల్లుపుల్ల."
అంటే ముప్పై ఏండ్లుగ నేను
ఎవరి చెరువు గట్టు మీది పుల్లతోనో
ఇక్కడి హద్దులు రాస్తున్ననన్నట్టు.

పట్టీ ఇప్పిన పొద్దు, ఇంకా తెల్లారలే.
కిటికీల లతీఫ్ సాబ్ గుట్ట.
"తూరో" అన్నది ఆమె.
"తూర్" అన్నడు ఆయన, కొత్త కన్ను చికిలిస్తూ.
ఇద్దరు నా దిక్కు మళ్లిండ్రు, నా వంతన్నట్టు.

"గుట్ట" అన్న.

జోడు కుదరలే.
సిస్టర్ నవ్వుకుంట బీపీ మిషన్ సర్దుకున్నది.
నా మాట ఒక్కతే
కిటికీల నిలబడ్డది,
తెల్లారుతున్నా ఇంకా నల్లగనే.