సంచి లెక్క

"బేగ్ కావాలా? ఏడు రూపాయలు."
పర్లాకిమిడి కౌంటర్లో రోజుకి మూడొందలసార్లు,
సగం తెలుగులో, సగం ఒడియాలో.

సంచి మీద కంపెనీ పేరు.
మోసేదీ జనమే, మోతకూలి కట్టేదీ జనమే.

మొదట్లో తిట్టారు. తర్వాత అలవాటైపోయింది.
కారు తాళాలు ఊపుకుంటూ వచ్చేవాళ్ళకి
ఏడు రూపాయలు వినిపించను కూడా వినిపించవు.

గుమ్మ కొండ దిగొచ్చిన సుక్రికి వినిపించింది.
ఉప్పు, సబ్బు, పిల్లాడి బిస్కెట్లు
కొంగులో పోసి ముడేసింది.
"ఏడు రూపాయలుంటే ఆటోలో సగం దూరం ఎల్లిపోనేటి?"

మరుసటి వారం దాలినాయుడు
యూరియా గోనె ఉతికి తెచ్చాడు.
ఆ వెనక డ్రిల్లు మాస్టారు,
పాత ప్యాంటు కాలు కింద కుట్టేసి, అదే సంచీ.
గోడ మీద పోస్టరు: భూమిని కాపాడండి.
కాపాడేస్తున్నారు కాబోలు అనుకున్నాను.

నెలాఖరు మీటింగులో పాణిగ్రాహి బాబు
గీత కిందికి జారిన చోట పెన్ను ఆన్చి
"సంచులెందుకు తగ్గాయి?
నువ్వు అడుగుతున్నావా అసలు?" అన్నాడు.

పోస్టరు ఆయన వెనకే ఉంది.
దాన్నే చూస్తూ తలూపాను.

ఇవాళ్టి నుంచి అడగడం లేదు,
సంచి ముందే విప్పి పట్టుకుంటున్నాను.

సుక్రి వస్తే మాత్రం
చేతులు వెనక్కి పెట్టుకుంటాను.